చిల్లర వర్తకుని గల్లాపెట్టె: నేటి కాపుదల

పూర్వము కిరాణాకొట్టు షావుకారునకు మూడు వస్తువులు ప్రాణసమానములు: గల్లాపెట్టె, చిట్టా ఆవర్జాలు, ఇనుపపెట్టె తాళపుచెవి. రాత్రి కొట్టు కట్టివేయునప్పుడు ఈ మూటిని చూచుకొనక అతడు ఇల్లు చేరెడువాడు కాడు. నేడు ఈ మూడును చేతిలో నిముడు ఫోనులోనికి వచ్చి చేరినవి. టీకొట్టు గాని, పాలకేంద్రము గాని, ఎరువుల దుకాణము గాని, ఎచ్చటికి పోయినను గోడమీద నలుపు తెలుపు గళ్ల చీటీ యొకటి కనబడుచున్నది. సొమ్ము దాని మూలముగా వచ్చుచున్నది. లెక్క ఫోనులోనో కంప్యూటరులోనో నిలుచుచున్నది. కొట్టు నడుపువాడు మీ కుమారుడో అల్లుడో కావచ్చును. అయినను నష్టము జరిగిననాడు అతడు మొదట వచ్చునది మీవంటి పెద్దలకడకే. కావున ఈ యంత్రముల మర్మము కొంత మీ రెరిగియుండుట అవసరము.

మన పల్లెలలో స్కానరు అని పిలుచుచున్న ఆ గళ్ల చీటీని 1994లో జపాను దేశమున డెన్సో వేవ్ అను సంస్థలో మసాహిరో హారా అను ఇంజనీరు కల్పించెను. మోటారు బండ్ల విడిభాగములను లెక్కించుటకై దానిని చేసిరి. అందులో మాయ యేమియు లేదు. అదియు నొక వ్రాతయే. మన కొట్లలోని చీటీపై నున్నది ఖాతా చిరునామా. అది మన కన్ను చదువలేని లిపిలో నున్నది, ఫోను దానిని చదువగలదు. అట్లు చదివి ఒక బ్యాంకు ఖాతానుండి మరియొక ఖాతాకు తత్క్షణమే సొమ్ము పంపు యూపీఐ ఏర్పాటు 2016లో మన దేశమున మొదలైనది.

మన కన్ను చదువలేదు గనుక ఒక చీటీకిని వేరొక చీటీకిని భేదము మనకు తెలియదు. 2025 జనవరిలో మధ్యప్రదేశమునందలి ఖజురాహోలో దొంగలు రాత్రివేళ కొన్ని కొట్ల చీటీలమీద తమ చీటీలను అతికించిపోయిరి. మరునాడు కొన్నవారు ఇచ్చిన సొమ్ము దొంగల ఖాతాకు చేరినది. సొమ్ము పంపబోవువాని ఫోనులో షావుకారు పేరునకు మారుగా వేరొక పేరు కనబడుటచేత గుట్టు బయటపడినది. దీనికి కాపుదల సులభము. చీటీని వీథివైపు గోడకు అతికింపక, కొట్టులోపల గల్లా దగ్గర అద్దము వెనుక నుంచవలెను. ప్రతి ఉదయమును ఇంటివారి వేరొక ఫోనుతో దానిని చదివించి, తన పేరే వచ్చుచున్నదా యని చూచుకొనవలెను. తలుపు తీసిన వెంటనే దేవుని పటమునకు దీపము పెట్టు అలవాటున్నవానికి ఇది మరియొక నిమిషము పని.

సొమ్ము వచ్చినదని తెలుసుకొనుటయందును జాగ్రత్త వలయును. కొన్నవాడు తన ఫోనుమీద పచ్చని గుర్తు చూపి పోవుచుండును. అట్టి పచ్చగుర్తును, అంకెలను, నీ పేరును సైతము బొమ్మగా చూపు దొంగ యాపులు కలవు. కొన్నవాని ఫోను సాక్ష్యము కాదు. తన ఫోనులో బ్యాంకు చూపిన జమయే సాక్ష్యము. సొమ్ము చేరగానే పలుకు సౌండు బాక్సును చాలమంది పెట్టుకొనియున్నారు. అది మంచి సాధనము. సంతరోజు రద్దీలో అది పలుకలేదేమని అడుగుటకు మొగమాటపడు షావుకారులు లేకపోలేదు. పూర్వము వెండిరూపాయిని రాతిమీద మ్రోగించి చూచినవారి మనుమలకు ఈ మొగమాట మెక్కడనుండి వచ్చెనో తెలియదు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన సంగతి పిన్ను. నాలుగు లేక ఆరు అంకెల ఈ రహస్యసంఖ్య ఇనుపపెట్టె తాళపుచెవి వంటిది. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను అక్కరలేదు. దేనిని స్కాను చేయుటయు అక్కరలేదు. పిన్ను నొక్కితిమనగా మన ఖాతానుండి సొమ్ము పోవుచున్నదని యర్థము. ఈ భేదము తెలియకుండుటయే పెక్కు మోసములకు మూలము. ఒకడు ఫోను చేసి తాను సైన్యములో అధికారిననియు, తన దళమునకు వంద భోజనములు కావలెననియు, లేక ఇరువది బస్తాల బియ్యము కావలెననియు చెప్పును. బేరమాడడు, అదియే మొదటి అనుమానమునకు తావు. తరువాత, ‘మా సైన్యపు పద్ధతి వేరు, నేను పంపు చీటీని స్కాను చేసి పిన్ను కొట్టుడు, సొమ్ము మీకు వచ్చును’ అనును. కొట్టినవాని ఖాతా ఖాళీ యగును. మరియొకడు ఐదువందలకు బదులు ఐదువేలు పొరబాటున పంపితిననియు, తన తల్లి ఆసుపత్రిలో నున్నదనియు, మిగులు సొమ్ము వెంటనే తిరిగి పంపుమనియు ఏడ్చును. అతడు పంపినది సొమ్ము కాదు, బ్యాంకు మాటలవలె వ్రాసిన సందేశము మాత్రమే. ఇట్టిచోట దయ చూపుటకు ముందు ఖాతా చూచుకొనవలెను. నిజముగనే ఎవరైన పొరబాటున సొమ్ము వేసిన యెడల, బ్యాంకు ద్వారమున తిరిగి యిచ్చుటకు మార్గ మున్నది.

పిన్నును గూర్చి ఇంకొక మాట. దానిని కొట్టు క్యాలెండరు వెనుక వ్రాసియుంచువారును, గల్లాకడ కూర్చుండు కుఱ్ఱవానికి చెప్పియుంచువారును కలరు. కుఱ్ఱవాడు మంచివాడే కావచ్చును. కాని గల్లాకడ వానికి సొమ్ము వచ్చినదని తెలిసిన చాలును. పంపు నధికార మక్కరలేదు. జమలు మాత్రము చూపునట్లు వేరొక ఫోనును వాని కప్పగింపవచ్చును.

దొంగ మన నోటినుండి పిన్ను రాబట్టలేనప్పుడు ఫోనులోనికే దూరుటకు చూచును. పెండ్లి శుభలేఖ వచ్చినదని తెరచిన, అది శుభలేఖ కాక ఫోనులో స్థిరపడు ఒక యాపుగా నుండును. 2024లో ఇట్టి శుభలేఖలను గూర్చి పలు రాష్ట్రముల పోలీసులు హెచ్చరించిరి. బండి జరిమానా చీటీ యనియు, రైతు సహాయపు సొమ్ము అనియు ఇవే వేషములు మార్చి వచ్చుచుండును. అట్టి యాపు లోపల చేరినచో మనకు వచ్చు ఓటీపీ సందేశములను దొంగయు చదువును. వచ్చిన ఫైలు పేరు చివర ఏపీకే యను మూడక్షరము లున్నచో, బంధువు ఫోనునుండి వచ్చినను తెరవరాదు. ఏలయనగా ఆ బంధువు ఫోనును ముందే దొంగవశమై యుండవచ్చును. నిజమైన శుభలేఖ అగునా కాదా యని వానినే పిలిచి అడుగుట ఉత్తమము.

చిట్టా ఆవర్జాల మాటకు వత్తము. ఎరువుల కొట్టువాడు ఊరిలో సగముమందికి పంటవరకు అరువిచ్చును. ఆ పద్దు లన్నియు కంప్యూటరులో నున్నవి. అవి పోయిన, ఎవరెంత బాకీయో చెప్పువారు లేరు. మంచివాడు తెచ్చి యిచ్చును, తక్కినవారి సంగతి మీ రెరుగుదురు. 2017 మే 12న వానక్రై అను దుష్టప్రోగ్రాము లోకమంతట పడి, నూటయేబదికి పైగా దేశములలో కంప్యూటరులలోని ఫైళ్లను ఎవరును చదువలేని రీతిని తారుమారు చేసి, 300 డాలర్ల విలువగల బిట్‌కాయిను చెల్లించిన గాని విడువనని బెదరించినది. ఇంగ్లండులో ఆసుపత్రులు చికిత్సలు మానుకొనవలసివచ్చినది. మన ఆంధ్రప్రదేశమున పోలీసుశాఖవారి కంప్యూటరులు కొన్ని దానివాత పడినవి. చిత్రమేమనగా, ఆ దొంగ ప్రవేశించిన కంతను పూడ్చు మరమ్మతును మైక్రోసాఫ్టువారు ఆ యేడు మార్చి 14ననే పంపియుండిరి. రెండు నెలలలో దానిని వేసికొనినవారు బ్రతికిరి. విండోస్ 7కు 2020 జనవరి 14తోను, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తోను అట్టి సాధారణపు మరమ్మతులు నిలిచిపోయినవి. మీ కొట్టులోని యంత్రము దేనితో నడచుచున్నదో అమ్మినవానిని అడుగవలెను.

అయినను ఎంత పూడ్చినను కొత్త కంతలు పడుచునే యుండును గనుక, లెక్కలకు రెండవ ప్రతి యుండితీరవలెను. రెండు పెన్ను డ్రైవులు కొని, ఒక వారము ఒకదానిలోను, మరువారము రెండవదానిలోను లెక్కలను దింపుకొనవలెను. దింపిన వెంటనే దానిని యంత్రమునుండి ఊడదీసి ఇంటికి కొనిపోవలెను. ఊడదీయుట యనునది చిన్న సంగతి కాదు: తగిలించియున్న డ్రైవులోని ప్రతినికూడ ఇట్టి ప్రోగ్రాము పాడుచేయును. నెల కొకసారి ఆ ప్రతిని తెరచి, పద్దులు కనబడుచున్నవా యని చూడవలెను. అరువు బాకీలనుమాత్రము నెలాఖరున కాగితముమీద అచ్చు తీసికొని, బాకీదారుచేత సంతకము చేయించుకొనుట పాత పద్ధతియే గాని, దాని విలువ నేటికిని తగ్గలేదు.

వ్రేలిముద్రల విషయ మొకటి కలదు. పల్లెలో కొన్ని కొట్లు ఆధారు వ్రేలిముద్రతో బ్యాంకు సొమ్ము చెల్లించు కేంద్రములుగా నున్నవి. 2022లో సైబరాబాదు పోలీసులు పట్టుకొనిన ఒక ముఠా, భూముల రిజిస్ట్రేషను పత్రములపై నుండు వ్రేలిముద్రలకు నకళ్లు తీసి, వానితో పరుల ఖాతాలనుండి సొమ్ము లాగెను. పొలము కొన్నవారు, అమ్మినవారు మనలో పెక్కురు. ఆధారు సంస్థవారి యాపులో వ్రేలిముద్రకు తాళము వేసికొను ఏర్పాటున్నది. సొమ్ము తీయవలసిన దినమున తాళము తీసి, పిమ్మట మరల వేసికొనవచ్చును. వివరములకు 1947 నంబరునకు ఫోను చేయవచ్చును. కేంద్రము నడుపు షావుకారు ప్రతి చెల్లింపునకు రశీదు ఇచ్చి పుస్తకములో సంతకము పుచ్చుకొనినచో, రేపు ఊరివా రతనిని శంకించుటకు తావుండదు.

ఇన్ని జాగ్రత్తలు చేసినను ఒకనాడు మోసము జరుగవచ్చును. అప్పుడు పెద్దలవలన కావలసిన సహాయ మొకటి కలదు. సొమ్ము పోయినవాడు సిగ్గుపడి రెండు దినములు ఎవరికిని చెప్పడు; చెప్పినతోడనే ఇంటివారు వాని తెలివిని దూషింతురు. ఈలోపల దొంగ ఆ సొమ్మును ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు మార్చి, తుదకు నగదుగా తీసికొనును. నగదు కాకముందే ఏదో యొక బ్యాంకులో దానిని నిలిపివేయుటకు 1930 అను నంబరు ఏర్పడియున్నది. కావున వచ్చినవానిని తిట్టుట తరువాత చూచుకొని, మొదట ఆ నంబరునకు ఫోను చేయింపవలెను. ఎంత సొమ్ము, ఏ గంటకు, ఏ బ్యాంకునుండి పోయినది, ఆ చెల్లింపునకు ఫోనులో కనబడు పన్నెండంకెల సంఖ్య, ఇవి చేతికందుబాటులో నుండవలెను. వెంటనే బ్యాంకునకును తెలిపి, తెలిపిన గంటను వ్రాసికొనవలెను. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకువా రిచ్చిన ఉత్తరువులో, ఖాతాదారుడే అజాగ్రత్తగా రహస్యము చెప్పినను, అతడు బ్యాంకునకు తెలిపిన తరువాత జరుగు నష్టము బ్యాంకుదే యని యుండెను. ఆ గంటకు అంత విలువ కలదు.

ఏ తప్పును చేయని షావుకారునకుకూడ చిక్కు రావచ్చును. 2023లో కేరళలో కొందరు చిన్న వర్తకుల ఖాతాలు స్తంభించిపోయినవి. ఎవరో మోసపు సొమ్ముతో వారివద్ద సరకు కొనియుండుటయే కారణము. అట్టివాడు బ్యాంకునకు పోయి, ఏ ఊరి పోలీసులు ఏ ఫిర్యాదు సంఖ్యపై నిలిపిరో వ్రాతమూలముగ అడిగి తెలుసుకొని, ఆ దినపు బిల్లును సరకు లెక్కను వారికి పంపుకొనవలెను. ఇందుకై కొట్టు జమల ఖాతా వేరుగను, ఇంటి ఖర్చుల ఖాతా వేరుగను ఉంచుకొనుట మంచిది. ఒకటి నిలిచినను ఇంట పొయ్యి వెలుగును. ఇక నెలకు కొంత యిత్తుమని చెప్పి కుఱ్ఱవాండ్ర ఖాతాలను, ఏటీఎం కార్డులను, సిమ్ములను అద్దెకడుగువారు పల్లెలకు వచ్చుచున్నారు. అది దొంగసొమ్ము దాటించుటకే. పట్టుబడునది ఖాతా ఎవరిపేర నున్నదో వారే; అడిగినవాని పేరుకూడ వారికి తెలియదు.