చైనా ఋతుశాస్త్రము, తెలుగు కార్తెలు: శీతకాల విచారము

ఆకాశమును చూచి కాలమును, కాలమును బట్టి కర్తవ్యమును నిర్ణయించుకొనుట కర్షకసమాజముల కన్నిటికిని సామాన్యధర్మము. ఈ విషయమున చైనీయులును, ఆంధ్రులును అవలంబించిన మార్గములను శీతకాలము మేరకు పోల్చి చూచుట ఈ వ్యాసోద్దేశము. ఆంధ్రపక్షమున అనంతపురము జిల్లాలోని వజ్రకరూరు ప్రాంతమును ఉదాహరణముగా గ్రహించుచున్నాను.

చైనీయులు సూర్యుని వార్షికగమనమును ఇరువదినాలుగు భాగములు చేసిరి. ఒక్కొక్క భాగము సుమారు 15 దినములు. 2016లో యునెస్కో ఈ విభాగమును మానవజాతి వారసత్వముగా గుర్తించినది. నవంబరు 7 ప్రాంతమున 'లిదోంగ్' అను శీతారంభము, డిసెంబరు 21 లేక 22న 'దోంగ్‌జి' అను అయనాంతము, ఫిబ్రవరి 4 ప్రాంతమున 'లిచున్' అను వసంతారంభము వచ్చును. నడుమనున్న మూడు మాసములకు పంది, ఎలుక, ఎద్దు చిహ్నములు, జలము తత్త్వము, ఉత్తరము దిక్కు. దోంగ్‌జి నాడు 'యిన్' పరాకాష్ఠ నొందును. ఆ క్షణముననే 'యాంగ్' అంకురించునని వారి భావన.

దావోభావములతో నిండిన 'హువాంగ్‌డి నైజింగ్' అను వైద్యగ్రంథము శీతకాలమును మూసి దాచుకొను కాలముగా వర్ణించి, పెందలకడ నిద్రించి సూర్యోదయానంతరము లేవుమని విధించినది. చరకసంహితయు హేమంతమున చలిచే లోపల నిరోధింపబడిన జఠరాగ్ని ప్రబలమగునని చెప్పి, స్నిగ్ధమైన గుర్వాహారమును విధించినది. వేడిమి లోన దాగియుండునను భావము ఉభయులకు సమానమే. ఆచారము మాత్రము వేరు: మనకు ధనుర్మాసమున తెల్లవారకమునుపే మేల్కొనుట నియమము.

భూస్థితియు వేరు. ఉత్తర చైనాలో నేల గడ్డకట్టగా సేద్యము విశ్రమించును. వజ్రకరూరు పరిసరములందలి నల్లరేగడిలో పప్పుశనగ పెరుగు కాల మిదియే. స్వాతి, విశాఖ కార్తెలలో విత్తిన గింజ, వానలు నిలిచిన పిదప నేలలో మిగిలిన పదునుతో, మంచుతో బ్రదుకును. ఇచ్చట శీతకాలమున దాచుకొనునది నేలయే; దాచినది నీరు. విత్తుట రెండు వారములు జాగైనచో కాయపట్టు వేళకు పదును చాలదు. కావున కార్తెగణన ఇచ్చట పాండిత్యవిషయము మాత్రము కాదు.

సూర్యు డొక్కొక్క నక్షత్రమున నుండు 13 లేక 14 దినములే కార్తె. జ్యేష్ఠ డిసెంబరు 3 ప్రాంతమునను, మూల 16 ప్రాంతమునను, ఉత్తరాషాఢ జనవరి 11 ప్రాంతమునను ప్రవేశించును. చైనా విభాగము అయనములను, విషువములను ఆధారముగా గొన్నది. మన కార్తెలు స్థిరనక్షత్రములను ఆధారముగా గొన్నవి. అందుచేతనే సూర్యుడు డిసెంబరు 21 లేక 22న ఉత్తరాభిముఖు డగుచున్నను మనకు మకరసంక్రాంతి జనవరి 14 లేక 15న వచ్చుచున్నది. అయనచలనము సుమారు 72 సంవత్సరముల కొక అంశము. ఆ లెక్కను కార్తెలు ఋతువులకంటె వేయేండ్లకు సుమారు 14 దినములు, అనగా ఒక పూర్ణకార్తె, వెనుకబడుచున్నవి.

సామెతలను సేకరించు పరిశోధకులు దీనిని గమనింపవలెను. వేయేండ్లనాడు పుట్టిన సామెత మారక నిలిచినచో, అందు చెప్పిన వాన నేడు దాని ముందరి కార్తెలోనే కురియవలసియుండును. అయితే కర్షకులు తరతరమునను సామెతలను సవరించుకొనుచుందురు. వానలును ఏటేటికి భిన్నములు. కావున ఒక్క సామెతతో కాలనిర్ణయము చేయరాదు. ఒకే సీమలోని పెక్కు సామెతలు ఒకే దిక్కునకు ఒరిగియున్నప్పుడే ఆ ఊహకు బలము. సేకరించునపుడు సామెతతోబాటు ఊరిని, నేల స్వభావమును, పంటను, ఆ యేటి కార్తెప్రవేశ తేదీని వ్రాసికొనుట అవశ్యకర్తవ్యము. ఈ నాలుగును లేని సామెత భాషకు సాక్ష్య మగునేగాని కాలమునకు సాక్ష్యము కాజాలదు.