బస్తా సిమెంటుకు నీరెంత?

న్యూఢిల్లీ: కరోల్ బాగ్‌లో పూసా రోడ్డు వెంట సాగే మెట్రో వంతెన 2005 డిసెంబరు 31న రైళ్ళకు తెరుచుకుంది. దాని కిందినుంచి పక్క వీధిలోకి మళ్ళితే, గజాలలో కొలిచే ఇరుకు స్థలాలలో నాలుగేసి అంతస్తుల మేడలు కనిపిస్తాయి. వంతెనకైనా మేడకైనా మూలపదార్థాలు అవే: సిమెంటు, ఇసుక, కంకర, నీరు. వంతెన పనిలో ప్రతిదీ తూచి కలుపుతారు. వీధిలో మాత్రం చాలాచోట్ల మేస్త్రీ కంటిచూపే కొలత.

ప్రసాద్ నగర్ ఆంధ్ర పాఠశాల పుణ్యమా అని ఢిల్లీ తెలుగువారికి ఈ పరిసరాలు పరిచితమే. ఇక్కడికి దగ్గరలోని బాపా నగర్‌లో 2024 సెప్టెంబరు 18 ఉదయం ఒక పాత భవనం కూలి నలుగురు మరణించారు. కట్టడాలు కూలడానికి పునాది లోపం, వయస్సు, చెమ్మ, అనుమతి లేని అంతస్తుల భారం వంటి కారణాలు అనేకం. కొత్తగా ఇల్లు కట్టుకునే యజమాని తన కళ్ళతో చూసి అక్కడికక్కడే సరిదిద్దించగలిగిన విషయం మాత్రం ఒకటుంది. అది కాంక్రీటులో పోసే నీరు.

సిమెంటు ఆరడం వల్ల గట్టిపడుతుందన్నది అపోహ. అందులోని కాల్షియం సిలికేట్లు నీటితో రసాయనిక చర్య జరిపి, ఇసుకనూ కంకరనూ పట్టి ఉంచే బంకవంటి పదార్థంగా మారుతాయి. ఈ చర్యకు సిమెంటు బరువులో సుమారు నాలుగోవంతు నీరు చాలు. ఆ బంకలో చిక్కుకుపోయే నీటిని కలుపుకున్నా 40 శాతానికి మించదు. అంటే 50 కిలోల బస్తాకు 20 లీటర్లలోపే. అంతకు పైన పోసేదంతా మాలు సులువుగా కదలడానికే. పని ముగిశాక ఆ నీరు ఆవిరైపోతుంది, అది ఉన్నచోట సన్నని రంధ్రాలు మిగులుతాయి. వాటిగుండా తేమ, గాలి ప్రవేశించి ఇనుప చువ్వలకు తుప్పు పట్టిస్తాయి. తుప్పు ఉబ్బి కాంక్రీటును చీలుస్తుంది. పదేళ్ళయినా నిండని ఇళ్ళలో శ్లాబు పెచ్చులూడడం వెనుక తరచుగా ఉండే కథ ఇదే.

నీరు పెరిగినకొద్దీ బలం తగ్గుతుందన్న సూత్రాన్ని షికాగోలోని లూయిస్ ఇన్‌స్టిట్యూట్‌లో డఫ్ ఏబ్రమ్స్ 1918లో ప్రకటించారు. మన దేశంలో అనుసరించే ఐ.ఎస్. 456 ప్రమాణం 2000 నాటి సవరణ ప్రకారం, చువ్వలు వేసే కాంక్రీటు కనీసం ఎం-20 తరగతికి చెందాలి. కొలతపెట్టెతో కలిపేటప్పుడు సిమెంటు ఒక పాలు, ఇసుక ఒకటిన్నర, కంకర మూడు పాళ్ళు. బస్తాకు నీరు 30 లీటర్లకు మించరాదు. పది లీటర్ల బక్కెట్లు సరిగ్గా మూడు. వీటిలో ఇసుకలోని తడి కూడా భాగమే! ఒక బస్తాకు పట్టే ఇసుక సుమారు 80 కిలోలు. వాన వెలిసిన మర్నాడు అందులో 5 శాతం తడి ఉన్నా, నాలుగు లీటర్లు లెక్కకు రాకుండానే చేరిపోతాయి. పైగా తడి ఇసుక ఉబ్బి పెట్టెలో ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక ఇసుక పాలు తగ్గిపోతుంది.

కూలీల ఇబ్బందినీ కాదనలేము. ఇరుకు గల్లీలో, నడినెత్తిన ఎండలో, చువ్వల సందుల్లోకి ముద్దగా ఉన్న మాలును నెట్టడం తేలిక కాదు. ‘కాస్త నీళ్ళు పొయ్యి’ అన్న కేక అక్కడినుంచే వస్తుంది. దానికి మందు నీరు కాదు, వైబ్రేటరు. లేదా నీటిని పెంచకుండానే మాలును పలుచబరిచే ప్లాస్టిసైజరు. వైబ్రేటరు వాడకుండా 5 శాతం గాలి ఖాళీలు మిగిల్చితే, బలంలో దాదాపు 30 శాతం పోతుంది.

కలిపేటప్పుడు ఎక్కువ పోసే నీటిని, శ్లాబు పోశాక పట్టడానికి వెనుకాడడం మన నిర్మాణాలలో కనిపించే విచిత్రం. సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుకు కనీసం 7 రోజులు, ఢిల్లీ వేసవివంటి పొడి వేడిలో 10 రోజులు తడి ఆరనివ్వరాదు. ఫ్లైయాష్ వంటివి కలిపిన సిమెంటుకు అదే వేడిలో 14 రోజులు కావాలి. శ్లాబుపై మడులు కట్టి నీరు నిలపడం, స్తంభాలకు తడి గోనెలు చుట్టడం పాత పద్ధతులే అయినా నేటికీ పనికివస్తున్నాయి. శీతకాలపు కాలుష్య ఆంక్షల వల్ల నిర్మాణం నిలిచిపోయినప్పుడు, అప్పటికే పోసిన శ్లాబు తడిని మరచిపోకూడదు.

పోసిన రోజే 15 సెంటీమీటర్ల ఘనాలు కొన్ని అచ్చు పోయించి ప్రయోగశాలకు పంపితే 28వ రోజున బలం తెలుస్తుంది. ఎం-20 అంటే చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్లు, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 200 కిలోల ఒత్తిడి. ఆ ఫలితం వచ్చేసరికి పై అంతస్తు స్తంభాలు లేచిపోయే అవకాశం ఉంది కనుక, 7వ రోజునే రెండు మూడు ఘనాలను పరీక్షింపజేసుకోవడం ఇంజనీర్ల అలవాటు.