రాగి బిస్కట్లు

రాగి బిస్కట్లు రాగిపిండి, బెల్లం, నెయ్యి, వేరుసెనగలు, నువ్వులు మొదలైన వాటితో చేసే పొడి తినుబండారం. ఉదయం వంటకు వ్యవధి లేనప్పుడు పాలతోనో పండుతోనో కలిపి అల్పాహారంగా తీసుకోవడానికి ఇవి అనువుగా ఉంటాయి. పిండి కలిపినది మొదలు బిస్కట్లు చేతికి వచ్చేవరకు సుమారు 40 నిమిషాలు పడుతుంది. రాగి ముఖ్యాహారంగా ఉన్న రాయలసీమ పడమటి ప్రాంతంలో, ముఖ్యంగా కురబలకోట, మదనపల్లె, పుంగనూరు, కుప్పం పరిసరాలలో, వీటికి కావలసిన ముఖ్య దినుసులు చాలావరకు స్థానికంగానే పండుతాయి.

పేర్లు

రాగులను తెలంగాణలో తైదలు అని, ఉత్తరాంధ్రలో చోళ్ళు లేదా చోడులు అని అంటారు. తమిళంలో కేళ్‌వరగు అని పేరు. కన్నడంలో తెలుగువలెనే రాగి అంటారు. ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాల సరిహద్దులు కలిసే కుప్పం ప్రాంతంలో రాగి, కేళ్‌వరగు అనే పేర్లు రెండూ వినిపిస్తాయి. దీని శాస్త్రీయ నామం ఎల్యూసిన్ కొరకానా.

బిస్కట్టు అనే మాటకు మూలం "రెండుసార్లు వండినది" అనే అర్థం గల లాటిన్ పదం. పూర్వం నావికుల కోసం రొట్టెను ఒకసారి కాల్చి, నిలువ ఉండేందుకు మరల ఎండబెట్టేవారు. అమెరికాలో వాడే కుకీ అనే మాట "చిన్న కేకు" అనే అర్థం గల డచ్చి పదం నుండి వచ్చింది. ఇక్కడ వివరించినది ఒకేసారి కాల్చేది కనుక నిజానికి కుకీ జాతికి చెందుతుంది. అయితే తెలుగువారికి రెండూ బిస్కట్లే.

నేపథ్యం

రాగి తూర్పు ఆఫ్రికా ఎత్తైన ప్రాంతాలలో పుట్టి, వేల సంవత్సరాల క్రితమే భారతదేశానికి చేరిన పంట. ఎర్రనేలలలో, తక్కువ వర్షపాతంతో పండుతుంది. గింజకు పురుగు అంత సులభంగా పట్టదు. సరిగా ఎండబెట్టి దాచిన రాగులు సంవత్సరాల తరబడి చెడకుండా ఉంటాయి. కరవులు తరచుగా వచ్చే సీమలో రాగికి ప్రాధాన్యం రావడానికి ఇదొక ముఖ్య కారణం.

మదనపల్లె ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నది. పూర్వం కడప జిల్లాలో ఉన్న ఈ తాలూకా 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో కురబలకోట, మదనపల్లె అన్నమయ్య జిల్లాలో చేరగా, పుంగనూరు, కుప్పం చిత్తూరు జిల్లాలో నిలిచాయి. పరిపాలన మారినా ఈ ప్రాంతాల భోజన పద్ధతి ఒక్కటే. పొలానికి వెళ్ళేవారు ఉదయాన్నే రాగి సంగటిని పప్పుతోనో, పుల్లగూరతోనో, చెనక్కాయల ఊరుబిండితోనో తినేవారు. ఎండాకాలంలో రాగి అంబలి తాగేవారు.

1983లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలైన తరువాత పేదల ఇళ్ళలోనూ వరి అన్నం నిత్యాహారమైంది. సాగు విస్తీర్ణంతో పాటు రాగి వాడకమూ తగ్గుతూ వచ్చింది. సంగటి కెలకడానికి ఓపిక, తీరిక రెండూ కావాలి. బడి బస్సు, కాలేజీ బస్సు అందుకోవలసిన ఇళ్ళలో ఉదయం ఆ తీరిక ఉండదు. పిల్లలు టీతో పాటు రెండు మైదా బిస్కట్లు తిని బయలుదేరడం ఈనాడు ఎన్నో ఇళ్ళలో కనిపించే దృశ్యం. అదే బిస్కట్టు రూపంలో రాగిని తిరిగి అందించడం ఈ వంటకం ఉద్దేశం.

ప్రభుత్వ పరంగానూ చిరుధాన్యాలకు కొంత ప్రోత్సాహం లభించింది. భారత ప్రభుత్వం 2018ని జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా, ఐక్యరాజ్య సమితి 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో 2023 మార్చిలో వారానికి మూడు రోజులు ఉదయం రాగిజావ ఇవ్వడం ప్రారంభించారు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధనా సంస్థ జొన్న, రాగి తదితర ధాన్యాలతో బిస్కట్ల వంటి తినుబండారాలు చేసే పద్ధతులను రూపొందించింది.

కావలసిన పదార్థాలు

సుమారు 24 బిస్కట్లకు:

- రాగిపిండి - 150 గ్రాములు
- గోధుమపిండి - 50 గ్రాములు
- బెల్లం తురుము - 80 గ్రాములు
- నెయ్యి - 50 గ్రాములు
- వేయించి, పొట్టు తీసి, బరకగా దంచిన వేరుసెనగలు - 50 గ్రాములు
- నువ్వులు (పొట్టు తీయనివి) - 20 గ్రాములు
- వంటసోడా - పావు చెంచా
- ఏలకుల పొడి - పావు చెంచా
- ఉప్పు - చిటికెడు
- పాలు - మూడు లేక నాలుగు పెద్ద చెంచాలు

రాగులను 12 గంటలు నానబెట్టి, బట్టలో మూటకట్టి, మొలకలు వచ్చాక నీడలో ఆరబెట్టి మర పట్టిస్తే ఇంకా మంచిది. మొలకెత్తినప్పుడు గింజలోని ఫైటేట్లు కొంత తగ్గుతాయి. అందువలన ఇనుము వంటి ఖనిజాలను శరీరం మరింత బాగా గ్రహిస్తుంది. బెల్లం విషయంలో, రంగు తేలడానికి హైడ్రోస్ కలిపిన లేత పసుపు బెల్లం కంటే ముదురు రంగు బెల్లం మేలు. వేరుసెనగలలో బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి, చేదుగా ఉన్నవి ఏరి పారవేయాలి. బూజు వల్ల పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం వేయించినా పూర్తిగా పోదు.

తయారీ విధానం

- రాగిపిండిని మూకుడులో సన్నని సెగపై పచ్చివాసన పోయేవరకు, అంటే నాలుగైదు నిమిషాలు వేయించి చల్లార్చాలి.
- రాగిపిండి, గోధుమపిండి, వంటసోడా, ఉప్పు కలిపి జల్లించాలి.
- వేరొక గిన్నెలో నెయ్యి, బెల్లం బాగా కలిసేవరకు చేతితో మెదపాలి. తరువాత ఏలకుల పొడి, నువ్వులు, వేరుసెనగ పలుకులు కలపాలి.
- ఇందులో పిండి వేసి, పాలు కొద్దికొద్దిగా చిలకరిస్తూ ముద్ద చేయాలి. చపాతీ పిండివలె పిసకరాదు. ముద్ద కట్టగానే ఆపాలి.
- పది నిమిషాలు మూతపెట్టి ఉంచాలి. ఈలోగా ఓవెన్‌ను 170 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేయాలి.
- పిండిని చిన్న నిమ్మకాయంత ఉండలుగా చేసి, అర అంగుళం మందాన అదిమి, నెయ్యి రాసిన పళ్ళెంలో ఎడం ఎడంగా పేర్చాలి.
- 12 నుండి 15 నిమిషాలు కాల్చాలి. బయటకు తీసినప్పుడు మెత్తగానే ఉంటాయి. జాలీ మీద పూర్తిగా చల్లారిన తరువాత గట్టిపడతాయి.

ఓవెన్ లేనివారు మందమైన కుక్కరు వాడవచ్చు. అడుగున రెండు గ్లాసుల రాళ్ళ ఉప్పు గాని శుభ్రమైన పొడి ఇసుక గాని పోసి, పైన చిన్న కుదురు పెట్టాలి. మూత నుండి రబ్బరు, విజిల్ రెండూ తప్పక తీసివేయాలి. పది నిమిషాలు మధ్యస్థమైన మంటపై వేడిచేసి, పళ్ళెం లోపల పెట్టి, సన్నని సెగపై 20 నుండి 25 నిమిషాలు ఉంచాలి. ఇందులో నీరు పోయరాదు.

మరునాటి ఉదయం వేడిగా కావాలనుకుంటే, ముందురోజు రాత్రి ఉండలు చేసి ఫ్రిజ్‌లో ఉంచుకుని, లేవగానే కాల్చుకోవచ్చు.

మెళకువలు

గోధుమలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు పిండిని సాగేలా చేసి పట్టి ఉంచుతుంది. రాగిలో గ్లూటెన్ లేదు. అందుచేత ఒట్టి రాగిపిండితో చేసిన బిస్కట్లు విరిగి పొడి అవుతాయి. నాలుగో వంతు గోధుమపిండి కలపడం ఇందుకే. గ్లూటెన్ పడనివారు గోధుమపిండికి బదులు సెనగపిండి వాడి, పాలు తగ్గించి ఒక కోడిగుడ్డు కలుపుకోవచ్చు. అయితే ఆ పిండ్లు గోధుమ ఆడించిన మరలో పట్టించినవి కాకుండా చూసుకోవాలి.

మైదా బిస్కట్లు కాలినదీ లేనిదీ రంగును బట్టి తెలుస్తుంది. రాగిపిండి ముందే గోధుమ రంగులో ఉంటుంది కాబట్టి ఆ గుర్తు ఇక్కడ పనికిరాదు. కమ్మని వాసన రావడం, అంచులు గట్టిపడి నడిమిభాగం మాత్రమే మెత్తగా ఉండడం, బిస్కట్టు పళ్ళెం నుండి సులువుగా కదలడం చూసి తీయాలి. ఎక్కువసేపు ఉంచితే బెల్లం మాడి చేదెక్కుతుంది. వంటసోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది.

పూర్తిగా చల్లారాక గాలి చొరని డబ్బాలో పెడితే వారం రోజుల వరకు బాగుంటాయి. వేడిగా ఉండగానే మూతపెడితే ఆవిరి చెమ్మకు మెత్తబడి బూజు పడతాయి.

పోషక విలువలు

జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగులలో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం, 7 గ్రాముల మాంసకృత్తులు, 11 గ్రాముల పీచు ఉంటాయి. ధాన్యాలలో ఇంత కాల్షియం ఉన్నది రాగిలోనే. బియ్యంలో ఉండే కాల్షియం ఇందులో చాలా స్వల్ప భాగం.

పైన చెప్పిన కొలతల ప్రకారం లెక్కిస్తే నాలుగు బిస్కట్లలో ఉజ్జాయింపుగా 290 కిలో కాలరీల శక్తి, 150 మిల్లీగ్రాముల కాల్షియం లభిస్తాయి. కాల్షియంలో నాలుగో వంతుకు పైగా నువ్వుల నుండే వస్తుంది. వీటితో ఒక గ్లాసు పాలు తాగితే మొత్తం కాల్షియం సుమారు 390 మిల్లీగ్రాములు అవుతుంది. 7 నుండి 9 సంవత్సరాల పిల్లలకు రోజుకు 650 మిల్లీగ్రాములు అవసరమని భారతీయ వైద్య పరిశోధనా మండలి 2020లో సూచించింది. అంటే సగానికి మించి ఉదయమే సమకూరుతుంది.

పరిమితులు

నాలుగు బిస్కట్లలో ఉన్న రాగిపిండి 25 గ్రాములు మాత్రమే. ఒక సంగటి ముద్దలో ఇంతకు రెండు మూడు రెట్లు ఉంటుంది, అందులో బెల్లం గాని నెయ్యి గాని ఉండవు. కనుక తీరిక ఉన్న రోజున సంగటి గాని జావ గాని మేలు. బిస్కట్లను వాటికి బదులుగా కాక, ఏమీ తినకుండా వెళ్ళడానికి బదులుగా భావించాలి.

బెల్లం కూడా చక్కెర వంటిదే. నాలుగు బిస్కట్లలో 13 గ్రాముల బెల్లం ఉంటుంది. మధుమేహం ఉన్నవారు "రాగి" అన్న పేరు చూసి వీటిని స్వేచ్ఛగా తినరాదు. టీలోని టానిన్లు ఇనుమును గ్రహించనీయవు కాబట్టి రక్తహీనత ఉన్నవారు వీటిని టీతో కాక, జామ వంటి సి విటమిన్ గల పండుతో తినడం మంచిది. వేరుసెనగ పడని పిల్లలకు ఆ పలుకులు లేకుండా చేయాలి. పలుకులు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉన్నందున చిన్నపిల్లలకు మెత్తని పొడిగా వేయాలి.

అంగడి బిస్కట్లు

రాగి బిస్కట్లు పేరుతో అంగళ్ళలో దొరికేవాటిలో కొన్నింటిలో మైదా, చక్కెర, పామాయిలు ముఖ్య పదార్థాలుగా ఉండి, రాగిపిండి కొద్దిగా మాత్రమే ఉంటుంది. పొట్లంపై పదార్థాలను బరువులో ఎక్కువ ఉన్నదానితో మొదలుపెట్టి వరుసగా ముద్రించాలన్నది భారత ఆహార భద్రతా నిబంధన. ఆ జాబితాలో మొదటి పేరు రాగి కాకపోతే అది ప్రధానంగా రాగి బిస్కట్టు కాదు. చాలామంది తయారీదారులు రాగిపిండి శాతాన్ని కూడా ముద్రిస్తారు. కొనేముందు పొట్లం ముందువైపు బొమ్మను కాక వెనుకవైపు జాబితాను చదవడం అలవాటు చేసుకోవాలి.

ఇవి కూడా చూడండి

- రాగులు
- రాగి సంగటి
- అంబలి
- చిరుధాన్యాలు
- కురబలకోట
- మదనపల్లె