ఇంటి ఫొటోలు: అపోహలు – వాస్తవాలు

పెళ్లి ఆల్బమ్‌ బీరువాలో భద్రంగా ఉంటుంది. అమ్మ మిరపకాయల తొడిమలు తీస్తుండగా తీసిన ఫొటో మాత్రం, ఫోన్‌ నిండగానే మొదట డిలీట్‌ అవుతుంది. ఈ చిన్నచూపు వెనకున్న అపోహలేమిటో చూద్దాం.

అపోహ: మంచి ఫొటోకు ఖరీదైన కెమెరా కావాలి.
వాస్తవం: దూరాన ఎగిరే పిట్టను తీయాలంటే కావాలి, ఇంటి ముచ్చట్లకు అక్కర్లేదు. 1900లో కొడాక్‌ ఒక్క డాలరుకే అమ్మిన బ్రౌనీ కెమెరా ఒక అట్టపెట్టె, దానికో మామూలు కటకం, అంతే. జనాన్ని స్టూడియోలో బిగుసుకుని కూర్చునే ఫొటోలను దాటించి, పిల్లల చేతికి సైతం కెమెరా ఇచ్చింది అదే. మొహం మీద కిటికీ వెలుతురు పడితే మీ ఫోనే చాలు.

అపోహ: రోజూ చూసేదే కదా, అందులో తీయడానికేముంది?
వాస్తవం: ఫొటోగ్రాఫర్‌ విలియం ఎగల్‌స్టన్‌ 1976లో న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియంలో పెట్టిన రంగుల ఫొటోల్లో పిల్లల మూడు చక్రాల సైకిలు, వంటింటి ఓవెన్‌ లాంటివే ఉన్నాయి. విసుగు పుట్టిస్తాయని విమర్శకులు కొట్టిపారేశారు. ఇప్పుడా ప్రదర్శనను ఫొటోగ్రఫీ చరిత్రలో మలుపుగా చెబుతారు. రోజువారీ సంగతుల విలువను మనం ముందుగా తక్కువ అంచనా వేస్తామని హార్వర్డ్‌ పరిశోధకులు 2014లో చూపారు. వాళ్ల ప్రయోగాల్లో జనం మామూలు సంగతులను రాసిపెట్టుకుని, నెలల తర్వాత చదువుకుంటే అనుకున్నదానికంటే ఎక్కువ ఆసక్తి కలిగింది. ఫొటోలకూ ఇదే వర్తిస్తుందనుకోవచ్చు. పాత ఫొటోలో మనుషుల కంటే ముందు గోడ మీది క్యాలెండరు, మూలనున్న కుట్టుమిషను చూసి నవ్వుకోమా?

అపోహ: ఫొటో తీస్తుంటే ఆ క్షణం చేజారిపోతుంది.
వాస్తవం: సగమే నిజం. మనస్తత్వ పరిశోధకురాలు లిండా హెంకెల్‌ 2014లో ప్రచురించిన అధ్యయనంలో, మ్యూజియంలో వస్తువులను ఊరికే ఫొటో తీసినవారికి అవి తక్కువ గుర్తున్నాయి. ఒక భాగాన్ని దగ్గరగా జూమ్‌ చేసి తీసినవారికి మాత్రం జ్ఞాపకం తగ్గలేదు. తీయడం వల్ల చాలా సందర్భాల్లో ఆనందం పెరిగిందని 2016లో మరో పరిశోధక బృందం తేల్చింది. చూసి తీస్తే లాభం, చూడకుండా నొక్కుతూ పోతే నష్టం.

అపోహ: నలుగురూ మెచ్చకపోతే ఫొటోకు విలువలేదు.
వాస్తవం: వివియన్‌ మేయర్‌ షికాగోలో పరుల పిల్లలను సాకిన ఆయా. లక్షకు పైగా ఫొటోలు తీసి, దాదాపు ఎవరికీ చూపలేదు. చాలా రీళ్లు కడిగించనేలేదు. 2007లో ఆమె సామాను వేలం వేస్తే ఆ నిధి బయటపడింది. పేరు రాకముందే, 2009లో ఆమె కన్నుమూసింది. లైకుల కోసమైతే అన్నేళ్లు తీసేదే కాదు.

అపోహ: ముగ్గురు కలిసి ఫొటో దిగితే కీడు.
వాస్తవం: దీనికి ఏ ఆధారమూ లేదు. ముగ్గురూ దిగండి.

అపోహ: ఫోన్‌లో ఉంటే భద్రమే.
వాస్తవం: ఫోన్‌ పోవచ్చు, పాడవ్వచ్చు. ఆన్‌లైన్‌ ఖాతాతో జోడించి ఉంటే, ఫోన్‌లో చెరిపింది అక్కడా చెరిగిపోవచ్చు. వేరేచోట ఇంకో కాపీ ఉంచాలి. ఎవరు, ఎక్కడ, ఏ ఏడు అన్నది రాయకపోతే మనవల నాటికి అది పరాయివాళ్ల ఫొటో అవుతుంది.

ఈ ఆదివారం ఫోన్‌ తెరిచి, వేడుకలవి కాని పది ఫొటోలు ఎంచుకోండి. ప్రింటు వేయించి, వెనక పేర్లు, తేదీలు రాయండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లనడిగి మరీ రాయండి.