నీటికాసులు



పెద్దవారికి చూపు మసకబాఱినంతనే "శుక్లము కాబోలు, ముదరనిండు" అని యూరకుండుట మన యిండ్లలో వాడుక. శుక్లమైనచో శస్త్రము చేయించి చూపును మరల బడయవచ్చును. వైద్యులు గ్లాకోమా యనెడి నీటికాసులచే బోయిన చూపు మాత్ర మే చికిత్సచేతను తిరిగిరాదు. ఈ భేద మెఱుగకయే యెందఱో వేచివేచి యంధులగుచున్నారు.

కనుగ్రుడ్డు లోపల నొక నిర్మలజలము నిరంతర మూరుచు, నల్లగ్రుడ్డు అంచుననున్న సన్నని దారుల వెంట వెడలిపోవుచుండును. ఇది కన్నీరు గాదు. ఆ దారులు మూసికొన్న యెడల లోపలి యొత్తిడి హెచ్చి, చూపును మెదడునకు గొనిపోవు నరమును చెఱచును.

కొందఱికిది హఠాత్తుగా వచ్చును. కన్నెఱ్ఱబాఱి రాయివలె గట్టిపడును, ఆ వైపు తల పగులునట్లు నొచ్చును, దీపము చుట్టును ఇంద్రధనుస్సువంటి వలయములు గనబడును, వాంతులగును. సుశ్రుతుడు ఉత్తరతంత్రమున జెప్పిన అధిమంథము, కన్నును పెఱికి చిలికినట్లు బాధించి సగము తలను వేధించునది, ఇట్టిదేయని పలువురి తలంపు. మనమో, వాంతులు చూచి పైత్యమనుకొని, శొంఠిపట్టు వేసి పండుకొనబెట్టుదుము! తెల్లవాఱువఱకు ఆగరాదు, ఆ రాత్రియే కంటివైద్యుని కడకు గొనిపోవలయును. ఈ తెగ పురుషులకన్న స్త్రీలకే హెచ్చు. మునుమాపువేళ మసకవెలుతురున వలయములును నొప్పియు గలిగి, నిద్రించినంతనే తగ్గిపోవుటయు ముందుసూచనయే. 1857లో బెర్లినునందు గ్రేఫె యను వైద్యుడు కంటిలోని రంగుతెరను కొంత కత్తిరించి యిట్టివారి చూపు నిలుపు మార్గము జూపెను; నేడు లేసరు కిరణముతో నందొక చిన్న రంధ్రము చేయుదురు.

రెండవ తెగ మూగది. నొప్పి లేదు, ఎఱుపు లేదు. ప్రక్కచూపు మొదట సన్నగిల్లును. ఎదుటిచూపు చివరివఱకు నిలుచును గనుక, సూదిలో దారమెక్కింపగల యవ్వయు తన కన్నులకు లోపము లేదనియే తలచును. ద్వారబంధమునకు భుజము తగులుట, మెట్టు తప్పుట, ప్రక్కనుండి వచ్చినవారిని గానకుండుట, ఇవన్నియు ముసలితనపు పరాకని త్రోసివేయుదుము. ఇవి బయటపడునప్పటికే నరము చాలవఱకు చెడియుండును. కావున 40 ఏండ్లు దాటినవారును, తల్లిదండ్రులకో తోబుట్టువులకో యీ రోగము గలవారును, మధుమేహము గలవారును, వైద్యుని యనుమతి లేక స్టెరాయిడు చుక్కలు వాడినవారును, గుఱుతులకై వేచియుండక కంటి యొత్తిడిని, నరమును పరీక్ష చేయించుకొనవలయును. కండ్లద్దాల దుకాణమున నక్షరములు చదివించుట చాలదు.

ఈ రెండవ తెగకు సాధారణముగా నిత్యమును చుక్కలు వేయవలసియుండును. అవి యున్న చూపును నిలుపునే గాని పెంచవు. గుణమగపడలేదని మానుట తగదు. చుక్క వేసిన పిమ్మట కన్ను మూసి, ముక్కు ప్రక్కనున్న కంటిమూలను వ్రేలితో రెండు నిమిషము లదిమినచో మందు గొంతులోనికి జాఱదు. రెండవ మందున్న యెడల నైదు నిమిషములాగి వేయవలయును.