పాత కారు బోల్టులకు జింకు పూత

బళ్లారి జిల్లా తోరణగల్లు ఉక్కు కర్మాగారంలో రేకులను కరిగిన జింకులో ముంచి పూత వేస్తారు. తేమ తగిలితే ఇనుముకన్నా ముందు జింకే కరిగిపోతూ దాన్ని కాపాడుతుంది. పాత అంబాసిడర్ కారు నట్లు, బోల్టులకూ ఇదే రక్ష. ఇంట్లో మాత్రం ఈ పూతను కరెంటుతో పట్టిస్తారు.

ముందు జిడ్డు కడిగి, వెనిగర్‌లో నానబెట్టి తుప్పు వదిలించాలి. ప్లాస్టిక్ తొట్టిలో జింక్ సల్ఫేట్ ద్రావణం పోసి, డీసీ సరఫరా ధన ధ్రువానికి జింకు ముక్కను, రుణ ధ్రువానికి బోల్టును కలపాలి. కరెంటు ఎక్కువైతే పూత నల్లగా, గరుకుగా వస్తుంది. హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి గాలి ఆడే చోటు కావాలి. ఈ వాయువు ఉక్కులోకి చేరితే గట్టి బోల్టులు పెళుసుబారతాయి. అందుకే బ్రేకు, స్టీరింగు బోల్టులకు ఇంటి పూత పనికిరాదు. బంపర్ల క్రోమ్ పూతకు సాధారణంగా వాడే ఆమ్లం క్యాన్సర్ కారకం. ఆ పని ప్లేటింగ్ షాపుకే వదలాలి.