రికార్డు లేదంటే మనిషి లేనట్టా?



అత్తగారి పింఛను కోసమో, ఓటర్ల జాబితాలో పేరు కోసమో వెబ్‌సైటులో వెతుకుతాం. పేరూ, పుట్టిన తేదీ కొడతాం. "వివరాలు లభ్యం కాలేదు" అని వస్తుంది. గుండె గుభేలుమంటుంది. పేరు కొట్టేశారేమోనని కంగారుపడతాం. అసలా మాటకి అర్థమేమిటో ఇవాళ చెప్పుకుందాం.

మన వివరాలన్నీ డేటాబేస్‌లో, గళ్ళు గీసిన పద్దుపుస్తకంలోలాగా, వరసల్లో వుంటాయి. మనం బటన్ నొక్కగానే వెబ్‌సైటు ఒక ప్రశ్న తయారుచేసి దాన్ని అడుగుతుంది. ఆ ప్రశ్నే క్వెరీ. అడిగే భాష పేరు ఎస్.క్యు.ఎల్. దాని తొలిరూపాన్ని ఐ.బి.యమ్. కంపెనీలో పనిచేసే డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బోయిస్ 1974లో ప్రకటించారు. ఇప్పటికీ అదే భాష నడుస్తోంది.

ఇక్కడో కిటుకు వుంది. ప్రశ్న రాయడమే తప్పయితే డేటాబేస్ ఎర్రర్ చూపిస్తుంది. ప్రశ్న సరిగానే వుండి, షరతులకు సరిపడే వరస దొరక్కపోతే తప్పని చెప్పదు, సున్నా అని వూరుకుంటుంది. కాబట్టి "లభ్యం కాలేదు" అన్నంతమాత్రాన మీరు లేరని కాదు. మీరడిగిందీ, అక్కడ రాసివున్నదీ కలవలేదని కావచ్చు.

ఎందుకు కలవవంటారా? లక్ష్మి అన్న ఒక్క పేరుకే ఇంగ్లీషులో రెండు మూడు స్పెల్లింగులు! ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట వెనక. అక్షరాలకి ముందు ఒక ఖాళీ జాగా పడినా చాలు. 3-4 అంటే మనకు ఏప్రిల్ మూడు, అమెరికా పద్ధతిలో మార్చి నాలుగు. ఇక ఖాళీ గడి సంగతి మరీ విచిత్రం. "గుంటూరు జిల్లా కానివాళ్ళందరినీ చూపించు" అని అడిగితే, జిల్లా గడిలో ఏమీ రాయనివాళ్ళు ఆ జాబితాలోకి రారు. ఖాళీని డేటాబేస్ అవునని లెక్కించదు, కాదనీ లెక్కించదు.

దీన్ని బాగుచేసేవాళ్ళు ముందు ఎర్రర్ వుంటే పూర్తిగా చదువుతారు. తర్వాత వెబ్‌సైటు పంపిన ప్రశ్నని వున్నదున్నట్టు బయటికి తీసి, డేటాబేస్‌నే నేరుగా అడుగుతారు. అక్కడ జవాబు వస్తే లోపం వెబ్‌సైటులో వున్నట్టు. రాకపోతే షరతులు ఒక్కొక్కటే తీసి చూస్తారు. ఇంట్లో దీపం వెలక్కపోతే బల్బు, స్విచ్చి, ఫ్యూజు వరసగా చూస్తామే, అలాగన్నమాట. ఏ షరతు తీశాక పేరు కనబడిందో, తేడా అక్కడే.

ఈ పద్ధతి మనమూ పాటించవచ్చు. వీలుంటే పేరు వదిలేసి కార్డు నంబరు ఒక్కటే ఇచ్చి వెతకండి. లేదా పేరులో మొదటి నాలుగు అక్షరాలే ఇవ్వండి. దొరికిందా, తప్పుపడిన గడి వెంటనే దిద్దించుకోండి. అప్పటికీ దొరక్కపోతే, స్క్రీను మీద వచ్చిన మాటను అక్షరం పొల్లుపోకుండా, తేదీ, టైముతో సహా రాసుకుని ఆఫీసుకు వెళ్ళండి. ఆ టైమును బట్టి మీ ప్రశ్న ఎలా వెళ్ళిందో వాళ్ళు వెతకడానికి వీలవుతుంది. అక్కడ "మా పేరు లేదటండీ" అని దిగులుగా నిలబడకండి. "ఏయే వివరాలిచ్చి వెతికారు? నంబరు ఒక్కదానితో చూడండి" అని మర్యాదగానే, గట్టిగా అడగండి.

నెలనెలా వచ్చే పింఛను మీద బతికే ముసలమ్మకి, ఒక్క అక్షరం తేడాతో ఆ డబ్బు ఆగిపోకూడదు కదూ? సెలవు.